దిగడం అయిపోయిందనుకున్నాను

చక్రాలు నేలను తాకిన చప్పుడు సరిగ్గా వినపడను కూడా లేదు. ఎడమ చక్రం, తోక చక్రం ఒకేసారి ఆనాయి, ఆ వెనకే కుడి చక్రం మెల్లగా వాలింది. పక్క గాలిలో అంత మెత్తగా నేనెప్పుడూ దిగలేదు. వెనక సీటు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది, ఎవరైనా ఉంటే "చూశారా?" అని అడిగేవాణ్ణే. ఆ తర్వాత ఆరేడు సెకన్లకు అదే విమానం వచ్చిన దారికే ముక్కు తిప్పి, కుడి రెక్క కొన నేలకు గీసుకుని, రన్‌వే అంచున గడ్డిలో నిలబడి ఉంది. నాకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. పేరు వింటే ఏదో విన్యాసంలా ఉంటుంది గానీ, నేల మీద పరుగెడుతున్న విమానం పైలట్ చెయ్యి దాటి గిర్రున తిరిగిపోవడమే అది.

విమానం సిటాబ్రియా. ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు, గుడ్డ కప్పిన రెక్కలు, చేతికి స్టిక్ (విమానాన్ని ఒరిగించే, ముక్కును పైకీ కిందికీ ఆడించే కర్ర), ఎడమ పక్క థ్రాటిల్ (ఇంజన్ బలం పెంచి తగ్గించే మీట), మడమలతో నొక్కే బ్రేకులు. మేం నడిపేదానికి, దిగేటప్పుడు రెక్కల వెనక దించే ఫ్లాప్స్ లేవు. ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేసి చదివితే ‘ఎయిర్‌బాటిక్’ అని వస్తుంది, పెట్టినవాళ్లు సరదా మనుషులే. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద పిల్లల సైకిల్‌కి పక్కన బిగించే చక్రమంత చిన్నది ఒకటి. అందుకే వీటిని టెయిల్‌డ్రాగర్లు అంటారు. అప్పటికి నాకు ముక్కు చక్రం విమానాల్లో 140 గంటలు, దీంట్లో 19 గంటలు అనుభవం ఉంది. ఆ 140 గంటలే నా కొంప ముంచాయని ఇప్పుడనిపిస్తుంది.

ముక్కు చక్రం విమానం మన తప్పులకు సర్దుకుపోతుంది. దాని బరువు కేంద్రం పెద్ద చక్రాలకు ముందుంటుంది, కాస్త వంకరగా దిగినా ఆ బరువే ముందుకు లాగి తిన్నగా చేస్తుంది. తోక చక్రం విమానంలో ఆ కేంద్రం పెద్ద చక్రాలకు వెనక. బల్ల మీద ఒక పెన్ను పెట్టి, కొనకు దారం కట్టి లాగండి, బుద్ధిగా వెంట వస్తుంది. అదే పెన్నును వెనక కొన దగ్గర వేలితో తోయండి. రెండంగుళాలు తిన్నగా వెళ్లి పక్కకు తిరుగుతుంది, తిరగడం మొదలయ్యాక ఇంకా తిరుగుతుంది. టెయిల్‌డ్రాగర్ నేల మీద ఉన్నంతసేపూ జరిగేది ఈ రెండోదే. అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట ఆడినవాళ్లకు ఇది తెలుసు. కర్ర వాలాక చెయ్యి కదిపితే లాభం లేదు, వాలబోతుండగానే కదపాలి, వెంటనే వెనక్కి తీసుకోవాలి. ఇక్కడ చెయ్యి బదులు రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక చుక్కాని) పెడళ్ల మీద కాళ్లు.

దీనికి గాలి తోడవుతుంది. పక్క నుంచి కొట్టే గాలి తోక మీది నిలువు రెక్కను నెడితే, ముక్కు గాలికోడిలా గాలి వచ్చే వైపు తిరుగుతుంది. ఎగురుతున్నప్పుడు రడ్డర్‌కి బోలెడు బలం. దిగాక వేగం తగ్గే కొద్దీ ఆ బలం తగ్గిపోతుంది, పక్క గాలి మాత్రం తగ్గదు. పైలట్ ‘హమ్మయ్య’ అనుకునే సమయానికే విమానం పట్టు తప్పడానికి బాగా వీలు దొరుకుతుందన్నమాట. ఇదంతా నేను చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి.

పూర్వం ఈ బాధ ఇంతగా లేదు. పైపర్ జె-3 కబ్ లాంటి 1930ల విమానాలు చాలావరకు విశాలమైన పచ్చిక మైదానాల్లో దిగేవి. గాలి ఎటు నుంచి వస్తే అటు ముక్కు పెట్టి దిగడమే. పైగా చక్రం కాస్త పక్కకు జారితే గడ్డి జారనిస్తుంది, తారు పట్టేసుకుంటుంది. రన్‌వే అని ఒక గీత గీసి, దిగితే దీని మీదే దిగాలి అన్నాక పక్క గాలి సమస్యయింది. దానికి రకరకాల మందులు వెతికారు. సెస్నా 195 లాంటి వాటికి గుడ్‌ఇయర్ వాళ్లు, విమానం వంకరగా ఉన్నా చక్రాలు మాత్రం రన్‌వే వెంట తిరిగే ఏర్పాటు చేశారు. బి-52 బాంబర్ అయితే చక్రాలను 20 డిగ్రీల దాకా పక్కకు తిప్పుకుని, ముక్కు ఎటో పెట్టి మరీ దిగగలదు. చిన్న విమానాల లోకంలో చివరికి నెగ్గింది ముక్కు చక్రమే. సెస్నా 170కి తోక చక్రం తీసి ముక్కు చక్రం పెడితే 1956లో 172 వచ్చింది. అంతకన్నా ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం ప్రపంచంలో ఇంకొకటి లేదు. నేను నేర్చుకున్నదీ దాంట్లోనే.

ఆ రోజు వాడుతున్నది రన్‌వే 27, అంటే పడమటి ముఖం. గాలి 210 డిగ్రీల నుంచి 12 నాట్లు (గాలి వేగాన్ని మేం కొలిచేది నాట్లలోనే), మధ్యమధ్య 18. ఎడమ నుంచి 60 డిగ్రీల కోణం. ఇలాంటప్పుడు మనసులో లెక్కకు గడియారం వాడతాం. కోణం 15 అయితే గాలిలో పావు వంతు పక్క గాలి, 30 అయితే సగం, 45 అయితే ముప్పావు, 60, ఆపైన అయితే మొత్తం పక్క గాలే అనుకోవాలి. కచ్చితంగా లెక్కేస్తే 12కి పది పైచిలుకు, 18కి పదిహేనున్నర. గాలిని చూపించే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, 15 నాట్లకు పూర్తిగా నిండుతుంది. నేను చూసినప్పుడు ముప్పావు నిండి, ఉండుండి ఒక్కసారి కర్రలా బిగిసి మళ్లీ వాలుతోంది. ఆ ‘ఉండుండి’ని నేను లెక్కలోకి తీసుకోలేదు, 12 అనే అంకె దగ్గరే ఆగిపోయాను. అంతకుముందు ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి 10 నాట్ల పక్క గాలిలో దిగి ఉన్నాను, కాబట్టి ఏం కాదులే అనుకున్నాను.

ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగి వచ్చే చివరి దారిలో, ముక్కును గాలి వైపు పెట్టి, పీత నడకతో రన్‌వే మీదికి వచ్చాను. నేల దగ్గర పడ్డాక ఎడమ రెక్క కాస్త దించి, కుడి రడ్డర్‌తో ముక్కును సెంటర్‌లైన్‌కి తిన్నగా తెచ్చాను. వేగం గంటకు 65 మైళ్లు, అంతా లెక్క ప్రకారమే ఉంది. సరిగ్గా దిగే ముందు గాలి సద్దుమణిగింది, రెక్క దించి పట్టుకోవాల్సిన పని కూడా దాదాపు లేకపోయింది. నా చెయ్యి తిరిగిందనుకున్నాను. అసలు సంగతేమిటంటే, రన్‌వేకి ఎడమ పక్క వరసగా హ్యాంగర్లున్నాయి. నేను దిగిన చోటు వాటి చాటున ఉంది. హ్యాంగర్ల వరస ఎక్కడో ఒకచోట అయిపోతుంది కదా అన్నది నాకు తట్టలేదు.

దిగాను, ఊపిరి వదిలాను. ఆ తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎడమ చెయ్యి థ్రాటిల్ మీద నుంచి తీసి, కార్బ్ హీట్ నాబ్ (కార్బురేటర్‌లో మంచు పట్టకుండా వేడి గాలి పంపేది) లోపలికి తోయబోయాను. సెస్నాలో దిగాక రన్‌వే మీద దొర్లుతూనే ఇలాంటివి సర్దేసుకునే అలవాటు. చూపు అటు పోయింది. దాంతోపాటే కుడి చేతిలోని స్టిక్ మధ్యకు వచ్చేసింది, ఎప్పుడొచ్చిందో తెలియదు. కాళ్లు పెడళ్ల మీద ఉన్నాయి. ఉన్నాయంటే ఉన్నాయంతే.

హ్యాంగర్లు అయిపోయాయి. ముక్కు ఎడమకు జరిగింది. తల ఎత్తి కుడి రడ్డర్ నొక్కాను, ఆలస్యంగా నొక్కాను కాబట్టి ఎక్కువ నొక్కాను. ముక్కు వెనక్కి వచ్చి, సెంటర్‌లైన్ దాటి కుడికి పోయింది. ఎడమ నొక్కాను, అదీ ఎక్కువే. ఈసారి ఎడమకు పోతున్న ముక్కుకు గాలి కూడా సాయం పట్టింది. కుడి పెడల్ చివరిదాకా తొక్కాను. గోడకు తన్నినట్టు కాలు ఆగింది గానీ ముక్కు ఆగలేదు. ఇరుకులో తిరగడానికి వీలుగా తోక చక్రం ఒక కోణం దాటితే స్టీరింగ్ నుంచి విడిపోయి ఎటంటే అటు తిరుగుతుంది. అది విడిపోయింది. కుడి మడమ బ్రేకు వెతుక్కునే లోపే లోకం అడ్డంగా కదలడం మొదలైంది. ఎడమ కిటికీలో ఉండాల్సిన హ్యాంగర్లు ఎదురుగా వచ్చి, కుడికి వెళ్లిపోయాయి. విమానం కుడికి ఒరిగింది. రెక్క కొన తారు మీద గీరుకున్న చప్పుడు, రేకు మీద గునపం ఈడ్చినట్టు. ఆ తర్వాత గడ్డి, ఒక కుదుపు, అంతే. చివర్లో వేగం మనిషి పరుగెత్తేంత ఉంటుందేమో.

ఇంజన్ ఇంకా తాపీగా తిరుగుతూనే ఉంది. ప్రొపెల్లర్ నేలకు తగల్లేదు, అది అదృష్టం. తగిలి ఉంటే ఇంజన్ విప్పి లోపల క్రాంక్‌షాఫ్ట్ దాకా చూడాల్సి వచ్చేది. మిక్స్చర్ లాగి ఇంధనం ఆపాను, నిప్పురవ్వలిచ్చే మ్యాగ్నెటోలు ఆపాను, కరెంటు మాస్టర్ స్విచ్ ఆపాను. ఆ నిశ్శబ్దంలో ప్యానెల్ వెనక గైరో ఒకటి సన్నగా ఈల వేస్తూ నెమ్మదిస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది, నా వెనక ఇంకో విమానం ఫైనల్‌లో ఉండాలి. మాస్టర్ మళ్లీ వేసి, రన్‌వే పక్కన ఆగిపోయానని రేడియోలో చెప్పాను. (ఇంధనం కారుతుంటే ఆ స్విచ్ ముట్టుకోకూడదు. కారుతోందో లేదో చూడకుండానే ముట్టుకున్నాను.) అవతలి పైలట్ అప్పటికే చూసి పైకి లేచిపోయాడట. "నువ్వు బాగానే ఉన్నావా?" అన్నాడు. బాగానే ఉన్నానన్నాను. సీటు బెల్టు విప్పడం మాత్రం మూడోసారికి గానీ చేతకాలేదు.

మా ఇన్‌స్ట్రక్టర్ అరవై దాటిన ఆవిడ. పరుగెత్తుకుంటూ రాలేదు, నడుచుకుంటూ వచ్చారు. నన్ను ఎగాదిగా చూసి, "ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అన్నారు.

"లేదు మేడం."

"మెడ తిప్పు." తిప్పాను. "సరే, ఏమైంది?"

"గాలి కొట్టింది మేడం, ఒక్కసారిగా."

ఆవిడ విండ్‌సాక్ వైపు చూశారు, ఏమీ అనలేదు. విమానాన్ని పక్కకు లాగించాక, రన్‌వే ఇంకా మూసి ఉండగానే "రా, చూద్దాం" అని నన్ను వెంటబెట్టుకుని నేను దిగిన చోటుకు నడిచారు.

టైరు గుర్తుల్ని నేనెప్పుడూ అంత దగ్గర నుంచి చూడలేదు. ఎడమ చక్రం తాకిన చోట అరచేయంత నల్ల మచ్చ, దాని వెనక తోక చక్రం పెట్టిన చిన్న చుక్క. "ఇది బాగుంది," అన్నారు. అక్కడి నుంచి అంగలు లెక్కపెడుతూ నడిచాం. తొంభై అంగల దాకా ఏమీ లేదు, చక్రం హాయిగా దొర్లిన చోట రబ్బరు రాలదు. తొంభై మూడో అంగ దగ్గర కుడి చక్రం జాడ మొదలైంది, గీత కూడా కాదు, తారు మీద బూడిద పూసినట్టు ఉంది. ఆవిడ అక్కడ ఆగి ఎడమ పక్కకు చూడమన్నారు. సరిగ్గా చివరి హ్యాంగర్ గోడ దాటి నిలబడ్డాం. నా చొక్కా రెపరెపలాడుతోంది. రెండంగలు వెనక్కి వేస్తే గాలి లేదు, ముందుకు వేస్తే ఉంది. నేను అటూ ఇటూ మూడుసార్లు నడిచాను.

అక్కడి నుంచి జాడ ఎడమకు వంగి, మళ్లీ కుడికి తిరిగింది. కుడి వంపులో నల్లబడింది ఎడమ చక్రం గుర్తు. మూడో వంపులో కుడి చక్రం గుర్తు ఒక్కసారిగా జానెడు వెడల్పయింది. వంగి చూస్తే దాంట్లో దువ్వెనతో అడ్డంగా దువ్వినట్టు వాలుగా సన్నటి చారలున్నాయి. చక్రం దొర్లుతూనే పక్కకు జారితే అలా పడతాయట. వాటి మీదుగా తోక చక్రం గీత అడ్డంగా కోసుకుంటూ బయటికి పోయింది. ఆ తర్వాత తారు మీద రెక్క కొన గీసిన తెల్లటి గీత, రెండు బారల పొడవు, దాంట్లో అక్కడక్కడ మా విమానం ఎర్ర పెయింటు.

ఆవిడ వెనక్కి వచ్చి తొంభై మూడో అంగ దగ్గర కాలితో నేల తట్టారు. "గాలి నీకు కబురు పెట్టింది ఇక్కడ." ఇరవై అంగలు ముందుకు నడిచి, వంపు తిరిగిన చోట మళ్లీ తట్టారు. "నీ కాలు కదిలింది ఇక్కడ. ఈ మధ్యలో ఎక్కడున్నావు?"

ఆ వేగంలో ఇరవై అంగలంటే ఒక సెకను. నేను జవాబు చెప్పలేదు.

హ్యాంగర్‌లో చూస్తే పైకి కనిపించే నష్టం పెద్దగా లేదు. రెక్క కొన వంగింది, గుడ్డ చిరిగింది, కుడి టైరు రిమ్ నుంచి ఊడింది. మెకానిక్‌కి వీటి మీద ఆసక్తే లేదు. ఆ విమానం రెక్కలో స్పార్, అంటే రెక్క పొడుగునా ఉండే దూలం, చెక్కది. కొన నేలకు కొడితే ఆ దెబ్బ చెక్క వెంట లోపలికి పోయి, ఎక్కడో నార నలిగిపోయి ఉండొచ్చు. పాత సిటాబ్రియాల చెక్క స్పార్లను క్రమం తప్పకుండా చూడాలని, రెక్కకు దెబ్బ తగిలితే తప్పనిసరిగా చూడాలని అమెరికా విమానయాన అధికారుల ఆదేశం కూడా ఉంది. ఆయన రెక్క అడుగున చిన్న చిన్న మూతలు తీసి, పళ్ల డాక్టరు వాడే అద్దం లాంటిది, ఒక లైటు దూర్చి అంగుళం అంగుళం వెతికాడు. లైటును చెక్కకు దాదాపు ఆనించి ఏటవాలుగా వెయ్యాలి, తిన్నగా వేస్తే పగులు కనపడదు. నన్నూ చూడమన్నాడు. వార్నిష్ కింద తేనె రంగు చెక్క, పొడుగునా సాగిపోతున్న నార గీతలు. "వీటికి అడ్డంగా వెంట్రుకంత గీత ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి," అన్నాడు. మధ్యాహ్నమంతా వెతికాం. లేదు. ఆయన మూతలు బిగించేశాడు గానీ, నాకు మాత్రం ప్రతి నీడా గీతలాగే కనిపించింది.

రిపోర్టు రెండుసార్లు రాశాను. మొదటిదాంట్లో రాసిన వాక్యం ఇంకా గుర్తుంది: "ల్యాండింగ్ తర్వాత హఠాత్తుగా వచ్చిన బలమైన గాలి వల్ల విమానం దిశ తప్పింది." ఆవిడ చదివి కాగితం తిరిగిచ్చారు. "గాలి ఉంది, విమానం ఉంది. ఇందులో నువ్వెక్కడా లేవే?" అన్నారు. ఇంటికి తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టాను. చెయ్యి థ్రాటిల్ మీద నుంచి తీశాను. చూపు లోపలికి తెచ్చాను. స్టిక్ మధ్యకు రానిచ్చాను. గాలి అనే మాట నాలుగో వాక్యంలో గానీ రాలేదు. విసురుల అంకెతో సహా గాలి రిపోర్టు ముందే నా చేతిలో ఉంది కాబట్టి, ‘హఠాత్తుగా’ అనే మాట కూడా కొట్టేశాను.

స్టిక్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేల మీదున్న విమానానికి ఎయిలరాన్లతో (రెక్కల చివర పైకీ కిందికీ కదిలే పలకలతో) పనేంటని నేనూ అనుకునేవాణ్ణి. గాలి ఎడమ నుంచి వస్తుంటే స్టిక్ ఎడమకు పెడతాం. ఎడమ ఎయిలరాన్ పైకి లేచి, గాలి ఆ రెక్కను ఎత్తకుండా చేస్తుంది. ఇది అందరికీ తెలిసిన సగం. కుడి ఎయిలరాన్ కిందికి దిగుతుంది, దిగి గాలిలో అడ్డంగా నిలబడి కుడి రెక్కను కొంచెం వెనక్కి లాగుతుంది. అంటే ముక్కును కుడికి, గాలికి దూరంగా తిప్పడానికి సాయపడుతుంది. సరిగ్గా రడ్డర్ బలం తగ్గే వేళకు ఆ సాయం కావాలి. అందుకే వేగం తగ్గే కొద్దీ స్టిక్ ఇంకా ఇంకా ఎడమకు పోయి, ఆగే సమయానికి చివరికి చేరాలి. తోక నేలకు అదిమి ఉండటానికి వెనక్కి కూడా లాగి పట్టాలి. నేను దాన్ని మధ్యలో వదిలేసి రెండు సాయాలూ పోగొట్టుకున్నాను.

రిపేరు అయ్యేదాకా, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు, ఆవిడ నన్ను ఎగరనివ్వలేదు. మొదటి పాఠం ఆగి ఉన్న విమానంలో ఊరికే కూర్చోవడం. ముక్కుకు రెండు పక్కలా రన్‌వే ఎంత కనిపిస్తోంది, దిగంతం ఎక్కడుంది, ఇరవై నిమిషాలు చూసి కళ్లు మూసుకుని చెప్పమన్నారు. చూపు రన్‌వే చివరి కొన మీద ఉండాలి. దగ్గరి నేలను చూస్తే అంతా పరుగెడుతున్నట్టే ఉంటుంది, ముక్కు ఒక డిగ్రీ తిరిగినా తెలియదు. దూరపు కొనను చూస్తే ఆ ఒక్క డిగ్రీ కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రెండో పాఠం తెల్లవారుజామున, గాలి లేనప్పుడు. రన్‌వే పొడుగునా వేగంగా టాక్సీ, అంటే నేల మీదే నడపడం, ఎగరకూడదు. ఆవిడ వెనక సీట్లో. అక్కడా పెడళ్లుంటాయి. చెప్పాపెట్టకుండా ఎప్పుడో ఒకప్పుడు ఒక పెడల్‌ని తన్నేవారు. ముక్కు పక్కకు జరిగేలోపు నేను ఆపాలి. మొదట్లో ప్రతిసారీ నొక్కి పట్టేవాణ్ణి, అది రెండో వైపుకు పోయేది, వెనక నుంచి "పట్టుకోకు, తట్టు!" అని అరిచేవారు. నొక్కు, వదులు, మళ్లీ నొక్కు. ముక్కు కదలకపోయినా కాళ్లు కదులుతూనే ఉండాలి. మందపాటి అడుగున్న బూట్లు మానేసి పల్చటివి వేసుకున్నాక పెడల్ ఒత్తిడి అరికాలికి తెలియడం మొదలైంది. నాలుగు ఉదయాలు ఇదే పని. పిక్కలు పట్టేశాయి. ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా కాళ్లాడించడం అలవాటై తిట్లు తిన్నాను.

ఇంకో నియమం పెట్టారు. విమానం పూర్తిగా ఆగి, నేను నోటితో "ఆగింది" అని పైకి అనేదాకా ఏ నాబూ ముట్టుకోకూడదు. ఎడమ చెయ్యి థ్రాటిల్ మీదే. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ముక్కు తప్పడం మొదలైన మొదటి క్షణంలో థ్రాటిల్ గట్టిగా తోస్తే ప్రొపెల్లర్ గాలి నేరుగా రడ్డర్ మీద పడి, పోయిన బలం తిరిగొస్తుంది. అవసరమైతే అట్నుంచి అటే పైకి లేచిపోవచ్చు. విమానం సగం తిరిగాక అదే పని చేస్తే మాత్రం పూర్తి పవర్‌తో గడ్డిలోకి, హ్యాంగర్లలోకి దూసుకుపోతాం. ఆ మొదటి క్షణంలో నా చెయ్యి వేరే చోటుంది.

అన్నింటికన్నా ఎక్కువ నేర్పింది ఒంటి చక్రం పాఠం. ఎనిమిది నాట్ల పక్క గాలిలో ఎడమ చక్రం ఒక్కటే నేలకు ఆనించి, కుడి చక్రం, తోక గాలిలో ఉంచి, రన్‌వే పొడుగునా సెంటర్‌లైన్ మీద పరుగెత్తించి, చివర్లో మళ్లీ పైకి లేవడం. మొదటి రెండు సార్లు చక్రం ఆనే లోపే పక్కకు కొట్టుకుపోయాం. తర్వాత ఒకసారి కుదిరింది, లెక్కపెడితే పన్నెండు సెకన్లు. ఆ పన్నెండు సెకన్లలో దిగామా ఎగురుతున్నామా అంటే చెప్పలేను. చక్రం తిరుగుతోంది, రెక్క ఎగురుతోంది, చేతులు, కాళ్లు రెండూ పనిలోనే ఉన్నాయి.

మూడు చక్రాలూ ఒకేసారి ఆనించే త్రీ-పాయింట్ మంచిదా, తోక ఎత్తి ముందు చక్రాల మీద దిగే వీల్ ల్యాండింగ్ మంచిదా అని టెయిల్‌డ్రాగర్ పైలట్లు ఎప్పటికీ తెగని వాదన పెట్టుకుంటారు. మొదటిదాంట్లో తక్కువ వేగంతో దిగుతాం. రెండోదాంట్లో రడ్డర్‌కి బలం ఎక్కువ, ముందు బాగా కనిపిస్తుంది, కానీ తోకను ఎప్పుడో ఒకప్పుడు దించక తప్పదు. అమెరికాలో టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంట్‌కి (తోక చక్రం విమానం నడపొచ్చని ఇన్‌స్ట్రక్టర్ ఇచ్చే సంతకానికి) మామూలు ల్యాండింగ్, పక్క గాలి ల్యాండింగ్, వీల్ ల్యాండింగ్, గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) అన్నీ రావాలి. 1991 ఏప్రిల్ 15కి ముందే నడిపినవాళ్లకు మినహాయింపు. గంటలెన్నో నియమంలో ఉండదు, ఇన్‌స్ట్రక్టర్‌కి నమ్మకం కుదరాలి. నా మటుకు నాకు ఆ వాదనలో పెద్ద రుచి పోయింది. ఎలా దిగినా గంటకు ముప్పై మైళ్ల నుంచి సున్నా దాకా ఉన్న ఆ మెట్లు దిగాల్సిందే, నేను జారింది అక్కడ.

గాలి హద్దు విషయంలో మాత్రం మొండిగా మారాను. విమానం పుస్తకాల్లో రాసే పక్క గాలి అంకె చాలాసార్లు హద్దు కాదు, పరీక్షల్లో చూపించిన అంకె. అమెరికా పాత సర్టిఫికేషన్ నియమం అడిగింది స్టాల్ వేగంలో (రెక్కలు ఇక ఎత్తలేని వేగంలో) ఐదో వంతు పక్క గాలిలో విమానం పైలట్ అదుపులో ఉంటే చాలని. అది విమానం సంగతి, 19 గంటలవాడి సంగతి కాదు. ఇప్పుడు నేను సగటు గాలిని కాకుండా గాలి విసురులో పెద్ద అంకెను తీసుకుని లెక్కేస్తాను. అది 10 దాటితే వేరే రన్‌వే ఉన్న చోటుకు పోతాను, లేదా వెళ్లను. అలా వెళ్లని రోజులు బోలెడున్నాయి. హ్యాంగర్లు, చెట్ల వరసలు ఎక్కడ అయిపోతాయో దిగే ముందే చూసుకుంటాను.

మళ్లీ ఒంటరిగా వెళ్లిన రోజు గాలి 210 నుంచే, విసురులతో కలిపి తొమ్మిది నాట్లు. ఆవిడ హ్యాంగర్ తలుపు దగ్గర నిలబడ్డారు. ల్యాండింగ్ అందంగా ఏమీ లేదు, ఒకసారి ఎగిరిపడి మళ్లీ కూర్చుంది. స్టిక్ వెనక్కి, ఎడమకు. చివరి హ్యాంగర్ గోడ పక్క నుంచి జారిపోతుంటే గాలి వచ్చింది, ముక్కు ఉలిక్కిపడింది, అప్పటికే కాలు పెడల్‌ని తట్టేసింది. ఆ తట్టు నేను ఆలోచించి చేసింది కాదు. టాక్సీవేలోకి తిరిగి తూర్పుకు వస్తుంటే గాలి వెనక కుడి నుంచి, కాబట్టి స్టిక్ ముందుకు, ఎడమకు మార్చాను. తలుపు దగ్గర నుంచి ఆవిడ నా ముక్కును కాదు, ఎయిలరాన్లను చూస్తున్నారని అంత దూరం నుంచి కూడా తెలుస్తోంది.

పార్కింగ్‌లో చక్రాలు నిలిచాయి. మిక్స్చర్ లాగబోతూ చూస్తే కార్బ్ హీట్ నాబ్ ఇంకా బయటికే ఉంది, దారంతా అలాగే వచ్చాను. అందులోంచి పోయే గాలికి ఫిల్టర్ ఉండదు, మెకానిక్ చూస్తే సణుగుతాడు. "ఆగింది," అని పైకే అని, అప్పుడు లోపలికి తోశాను.